చిక్ వెబ్ కొడితే హార్లెమ్ ఆడింది

1938 జనవరి 16, ఆదివారం రాత్రి. న్యూయార్క్ 57వ వీధిలోని కార్నెగీ హాలు కిక్కిరిసిపోయింది. సింఫనీలకూ పియానో కచేరీలకూ పేరుబడ్డ ఆ వేదిక మీదికి బెన్నీ గుడ్‌మన్ క్లారినెట్ పట్టుకుని తన స్వింగ్ బ్యాండుతో వచ్చాడు. మొదట ఎత్తుకున్న పాట ‘డోంట్ బీ దట్ వే’. అమెరికన్ సంగీత చరిత్ర రాసిన ప్రతివాళ్లూ ఆ రాత్రి గురించి ఒక పేజీ అయినా రాశారు. హాలు మధ్యలో వేలాడదీసిన మైకు ఆ కచేరీని పట్టుకుంది. 1950లో కొలంబియా కంపెనీ దాన్ని రికార్డులుగా వేస్తే ఎగబడి కొన్నారు.

అదే రాత్రి అక్కడికి ఆరేడు కిలోమీటర్ల ఉత్తరాన, నల్లజాతివాళ్ల పేట హార్లెమ్‌లో, సవాయ్ బాల్‌రూమ్ కూడా కిటకిటలాడుతోంది. అక్కడ రెండు బ్యాండ్లకు పోటీ పెట్టారు. ఒకటి కాన్సస్ సిటీ నుంచి వచ్చి పేరు తెచ్చుకుంటున్న కౌంట్ బేసీది. రెండోది ఆ హాలు ఆస్థాన బ్యాండు, చిక్ వెబ్‌ది. బేసీ వైపు బిల్లీ హాలిడే, వెబ్ వైపు ఎల్లా ఫిట్జెరాల్డ్ పాడుతున్నారు. ఆ సాయంత్రం బేసీ తన బ్యాండులో కొందరిని వెంటబెట్టుకుని కార్నెగీ హాలుకు వెళ్లి, గుడ్‌మన్ పక్కన కాసేపు వాయించి, అక్కణ్నుంచి హార్లెమ్ చేరుకున్నాడు. కార్నెగీలో కచేరీ ముగిశాక వాయిద్యగాళ్లు కొందరు కూడా అదే దారి పట్టారు. సవాయ్‌లో గెలుపెవరిదన్నది పత్రికల్లోనే తేలలేదు. ఒకరు బేసీది అన్నారు, ఇంకొకరు వెబ్‌ది అన్నారు. వాళ్ల మాటలు తప్ప మనకు మిగిలిందేమీ లేదు. ఆ పోటీ రికార్డు కాలేదు.

కార్నెగీలో గుడ్‌మన్ ఎత్తుకున్న ఆ ‘డోంట్ బీ దట్ వే’ పుట్టింది వెబ్ ఇంట్లోనే. వెబ్ బ్యాండులో సాక్సోఫోన్ వాయిస్తూ పాటలు కట్టిన ఎడ్గర్ శాంప్సన్ రాశాడు. వెబ్ దాన్ని 1934 నవంబరులోనే డెకా కంపెనీకి రికార్డు చేశాడు. మూడేళ్లు తిరిగాక గుడ్‌మన్ చేతిలో అది దేశమంతా మోగింది.

చిక్ వెబ్ కథ మొత్తం ఇంతే. రికార్డులో ఉన్నది కొంత, రికార్డుకు అందనిది కొండంత. నాలుగడుగుల ఎత్తు మనిషి, గూని వీపు, 34 ఏళ్లకే అయిపోయిన జీవితం. ఆ కొద్దికాలంలో నాట్యం చేసే వేలమంది పాదాలను డ్రమ్ముతో నడిపించాడు. స్వింగ్ యుగమంటే గుడ్‌మన్, గ్లెన్ మిల్లర్, డ్యూక్ ఎలింగ్టన్ అని మనవాళ్లూ చెబుతారు. వాళ్లతో సమానంగా, డ్రమ్ము విషయంలో వాళ్లందరికన్నా ముందు, చెప్పాల్సిన పేరు చిక్ వెబ్.

బాల్టిమోర్ పేపరు కుర్రాడు

అసలు పేరు విలియం హెన్రీ వెబ్. మేరీల్యాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్‌లో ఫిబ్రవరి 10న పుట్టాడు. ఏ సంవత్సరమన్నదాని మీద పుస్తకాలు తగువులాడుకున్నాయి. 1902 నుంచి 1909 దాకా రకరకాలుగా రాశారు. వాటిలో 1905 నమ్మదగినదిగా కనిపిస్తుంది. పసితనంలో మెట్ల మీద నుంచి పడ్డాడు. వెన్నెముక దెబ్బతింది. దానికి క్షయ తోడైంది. ఇక ఎత్తు పెరగలేదు, వీపు వంగిపోయింది, నొప్పి బతికినన్నాళ్లూ వదల్లేదు. చిన్నవాడని అందరూ చిక్, అంటే కోడిపిల్ల, అన్నారు, ఆ పేరే నిలిచింది.

బిగుసుకుపోయిన కీళ్లు వదులు కావడానికి ఏదైనా వాయిద్యం వాయించమని డాక్టరు సలహా ఇచ్చాడంటారు. కుర్రాడు డ్రమ్ములు ఎంచుకున్నాడు. కొనుక్కోవడానికి డబ్బుల్లేవు. వీధుల్లో పేపర్లు అమ్మి, పైసా పైసా కూడబెట్టి తన సెట్టు తనే కొనుక్కున్నాడు. చీసపీక్ అఖాతంలో విహారానికి తిరిగే పడవల మీద బ్యాండ్లు వాయించేవి. వెబ్ మొదటి కొలువు అలాంటి బ్యాండులోనే. గిటార్ వాయించే జాన్ ట్రూహార్ట్ అక్కడే పరిచయమయ్యాడు. ఏళ్ల తరబడి వెబ్ వెంటే ఉన్న నేస్తం అతను. ఇద్దరూ కలిసి 1920ల నడుమ న్యూయార్క్ చేరారు.

అప్పటికి హార్లెమ్‌లో బ్యాండ్లు కోకొల్లలు. బాల్టిమోర్ నుంచి వచ్చిన ఈ పొట్టి కుర్రాణ్ని డ్యూక్ ఎలింగ్టన్ గుర్తించాడు. తన చేతికి వచ్చిన ఒక క్లబ్బు పని వెబ్‌కు ఇప్పించాడు. ఆ పని చెయ్యాలంటే బ్యాండు కావాలి కదా. అలా 1926లో వెబ్ నాయకుడయ్యాడు. మొదటి రోజులు కడుపు మాడ్చుకున్న రోజులే. పని దొరికితే తినడం, దొరకకపోతే అందరూ ఒకే గదిలో సర్దుకోవడం. పెద్ద బ్యాండ్లు కాస్త ఎక్కువ జీతం చూపించి మంచి వాయిద్యగాళ్లను ఎగరేసుకుపోయేవి. సాక్సోఫోన్‌లో ప్రపంచమంతా తర్వాత కొలిచిన జానీ హాడ్జెస్ మొదట వెబ్ దగ్గర ఉన్నవాడే. 1928లో ఎలింగ్టన్ దగ్గరికి వెళ్లిపోయాడు. వెబ్ మళ్లీ కొత్తవాళ్లను వెతుక్కున్నాడు, మళ్లీ తయారు చేసుకున్నాడు. ఈ పని అతను ఎన్నిసార్లు చెయ్యాల్సి వచ్చిందో లెక్కలేదు.

వెబ్‌కు నోటేషన్ చదవడం రాదు. అమెరికన్ డ్యాన్సు బ్యాండులో ఇదొక పెద్ద లోటు. పన్నెండు, పదమూడు మంది ఎవరి కాగితం వాళ్లు ముందు పెట్టుకుని వాయించే సంగీతం అది. వెబ్ ఆ లోటును జ్ఞాపకశక్తితో పూడ్చుకున్నాడు. కొత్త పాట రిహార్సల్‌కు వస్తే పక్కన కూర్చుని వినేవాడు. తర్వాత ట్రంపెట్ల వరస, ట్రాంబోన్ల వరస, సాక్సోఫోన్ల వరస, ఏ వాయిద్యం ఎక్కడ లేవాలి, ఎక్కడ దిగాలి, అంతా అతని తలలో ఉండేది. తనకు తోచిన మార్పును కూనిరాగం తీసి వినిపిస్తే రాసేవాళ్లు కాగితం మీద పెట్టేవాళ్లు. శ్రుతి తప్పినా లయ జారినా ఇట్టే పట్టేసేవాడు. అతని చెవిని దాటి తప్పు స్వరం పోయేది కాదు.

సవాయ్ నేల

సవాయ్ బాల్‌రూమ్ 1926 మార్చి 12న తెరుచుకుంది. లెనాక్స్ అవెన్యూ మీద 140వ వీధి నుంచి 141వ వీధి దాకా, ఒక బ్లాకంత పొడవున ఉండేది. పైఅంతస్తులో హాలు. మెట్లెక్కి వెళితే మెరుగుపెట్టిన మేపుల్ చెక్క నేల. వారం వారం వేల పాదాలు తొక్కుతుంటే అరిగిపోయి కొన్నేళ్లకొకసారి కొత్త చెక్క పరవాల్సి వచ్చేది. ఒక గోడ పొడవునా పక్కపక్కనే రెండు బ్యాండ్లకు వేదికలు. ఒక బ్యాండు ఆపగానే రెండోది అందుకునేది. సంగీతం తెగకూడదు. హాలు సొంతదారు మో గేల్ తెల్లజాతివాడు, మేనేజరు చార్లెస్ బుకానన్ నల్లజాతివాడు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకే నేల మీద కలిసి ఆడిన చోటు ఇది. ఎలింగ్టన్ పేరు మోగించిన కాటన్ క్లబ్బు కూడా హార్లెమ్‌లోనే ఉండేది. అక్కడ వేదిక మీద నల్లవాళ్లు, కుర్చీల్లో తెల్లవాళ్లు. సవాయ్‌లో ఆ గీత లేదు. ఎవడెంత బాగా ఆడతాడన్నదే అక్కడ లెక్క. ఆ ఊళ్లో ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

లిండీ హాప్ అనే జంట నాట్యం ఎదిగింది ఈ నేల మీదే. మగా ఆడా చేతులు పట్టుకుని తిరుగుతూ, విడిపోయి ఎవరి అడుగులు వాళ్లు వేసి, మళ్లీ కలుసుకునే వేగవంతమైన ఆట. హాలులో ఒక మూల అందరికన్నా బాగా ఆడేవాళ్లకు. అక్కడ చోటు సంపాదించడమంటే మాటలు కాదు.

ఆ మూల ఆడినవాళ్లలో ఫ్రాంకీ మానింగ్ ఒకడు. 1935లో ఒక పోటీకి అతనూ జోడీ ఫ్రీడా వాషింగ్టన్ ఎవరికీ చెప్పకుండా ఒక కొత్త విద్య సాధన చేశారు. ఆమె అతని వీపు మీద వీపు ఆనించి, గాలిలో దొర్లి, అతని ముందుకు వచ్చి దిగాలి. నాట్యంలో మనిషిని గాల్లోకి లేపడం అప్పటిదాకా ఆ నేల చూడలేదు. ఆ రాత్రి వాయిస్తున్నది చిక్ వెబ్ బ్యాండు, పాట ‘డౌన్ సౌత్ క్యాంప్ మీటింగ్’. మానింగ్ అడుగు ఎటు వేస్తే వెబ్ డ్రమ్ము అటు వచ్చింది. ఆమె గాలిలోకి లేచి దిగిన క్షణానికి సరిగ్గా దెబ్బ పడింది. ఈ సంగతి మానింగ్ దశాబ్దాల తర్వాత కూడా చెప్పేవాడు. ముందుగా అనుకుని చేసింది కాదు. ఎత్తు వేదిక మీద కూర్చున్న వెబ్ చూపు నేల మీదే ఉండేది. ఆడేవాళ్లు అతని సంగీతం విన్నారు, అతను వాళ్ల పాదాలు చదివాడు.

వెబ్ ఎలా వాయించేవాడో కాస్త దగ్గరికి వెళ్లి చూద్దాం. బ్యాండు మధ్యలో ఒక ఎత్తు మెట్టు. దాని మీద ముత్యపు తెలుపులో మెరిసే డ్రమ్ములు, వాటి మీద కోడిపిల్లల బొమ్మలు. పెద్ద డ్రమ్ము అడ్డకొలత 28 అంగుళాలు, మీటరులో మూడొంతుల దగ్గర. దాని వెనక కూర్చుంటే మనిషి సగం మరుగు. అతని కాళ్లకు అందేలా పెడల్స్‌ను ప్రత్యేకంగా చేయించారు. తాళాలను కొక్కేల్లాంటి వంపు కడ్డీలకు వేలాడదీశారు. కుడికాలు పెద్ద డ్రమ్ము మీద నాలుగు దెబ్బలూ సమంగా వేస్తుంది. అంతకుముందు తరం డ్రమ్మర్లలో చాలామంది నాలుగులో రెంటి మీదే బరువు వేసేవారు. ఆ నాలుగు సమానం కావడంతో బ్యాండు నేల మీద జారినట్టు సాగింది. చేతుల్లో కర్రలు ఒక్కోసారి, తీగల కుంచెలు ఒక్కోసారి. ట్రంపెట్లు వాక్యం ముగించబోయే ముందు చిన్న దరువు వేసి వాళ్లను తోసేవాడు. ముగించగానే ఆ ఖాళీలో ఇంకోటి వేసి తర్వాతి వాక్యానికి దారి తీసేవాడు. బ్యాండు ముందు నిలబడి చేతులు ఊపి జనాన్ని నవ్వించే పని బార్డూ అలీ చూసుకునేవాడు. బ్యాండు నడక మాత్రం డ్రమ్ముల దగ్గర నుంచే. వెబ్ దరువు మారితే పన్నెండు మందీ మారేవాళ్లు.

క్యూబా నుంచి వచ్చిన ట్రంపెట్ వాద్యకారుడు మారియో బౌసా 1933లో ఈ బ్యాండులో చేరి సంగీత దర్శకుడయ్యాడు. న్యూయార్క్‌లో క్యూబా లయలనూ జాజ్‌నూ కలిపి తర్వాత ఒక కొత్త దారి వేసిన మనిషి ఇతనే. సాక్సోఫోన్ వాయించిన లూయీ జోర్డన్ ఇక్కణ్నుంచి బయటపడి 1940లలో సొంత చిన్న బ్యాండుతో ఎన్నో హిట్లు కొట్టాడు. రాక్ అండ్ రోల్‌కు పునాది రాళ్లలో అతనొకడు. ఆ జోర్డన్ బయటపడడానికి కారణం వెబ్ అతన్ని తీసేయడమే. ఎల్లాను, మరికొందరిని తన సొంత బ్యాండుకు లాక్కుపోవాలని చూశాడని వెబ్‌కు తెలిసింది.

ఢీ అంటే ఢీ

మన ఊళ్లలో ఉత్సవానికి రెండు సన్నాయి మేళాలు ఎదురెదురుగా నిలబడి, నాలుగు వీధుల కూడలిలో తెల్లవార్లూ ఒకరినొకరు కవ్వించుకోవడం చూసినవాళ్లకు సవాయ్ పోటీల సంగతి వేరే చెప్పక్కర్లేదు. తీర్పు చెప్పేవాళ్లు జనమే. చప్పట్లు, ఈలలు, ఆడే పాదాల ఊపు, ఇవే మార్కులు. సవాయ్‌కి ఏ బ్యాండు వచ్చినా వెబ్‌ను దాటి పోవాలి. అతనికి ఈ పోటీలంటే ప్రాణం. పోటీకి ముందు రోజుల్లో బ్యాండుతో గంటలకొద్దీ సాధన చేయించేవాడు.

ఓడలేదా అంటే ఓడాడు. 1937 మార్చిలో ఎలింగ్టన్ బ్యాండు వచ్చినప్పుడు వెబ్ వెనకబడ్డాడనే అంటారు. అందుకు రెండు నెలల తర్వాత, మే 11న, గుడ్‌మన్ వచ్చాడు. అప్పటికి గుడ్‌మన్ దేశం మొత్తం మీద స్వింగ్ రాజు. అతని డ్రమ్మర్ జీన్ క్రూపా సినిమా హీరోలా అందగాడు, పత్రికల నిండా ఫొటోలు. ట్రంపెట్ల వరసలో హ్యారీ జేమ్స్. హార్లెమ్ మొత్తం వీధిలోకి వచ్చింది. లోపల నాలుగు వేలమంది, లోపలికి పోలేక బయట అంతకన్నా ఎక్కువమంది. పోలీసులు గుర్రాల మీద వచ్చి జనాన్ని అదుపు చేయాల్సి వచ్చింది.

గుడ్‌మన్ ఒక పాట వాయించగానే వెబ్ అందుకుని దాన్నే తన తీరులో వాయించి జనాన్ని ఊగించాడట. ఈ రాత్రి గుడ్‌మన్ బ్యాండు ఓడిందన్నదాంట్లో ఎవరికీ తగువు లేదు. ఆటలో చివరికి క్రూపా లేచి వెబ్‌కు తల వంచి నమస్కరించాడు. తర్వాత బతికినన్నాళ్లూ వెబ్ పేరు వస్తే క్రూపా గౌరవంగానే మాట్లాడాడు. తన కన్నా మిన్న అనిపించుకున్నవాణ్ని నలుగురిలో ఒప్పుకోవడానికి పెద్ద మనసుండాలి, క్రూపాకు అది ఉంది.

ఓడిన గుడ్‌మన్ వాయిస్తున్న పాటల్లో కొన్ని ఎవరివి? ‘స్టాంపిన్ ఎట్ ద సవాయ్’ కూడా శాంప్సన్ కట్టిందే, వెబ్ 1934 మేలో రికార్డు చేసిందే. గుడ్‌మన్ 1936లో చేశాక అది ఇంటింటి పాటైంది. పాట మీద హక్కుదారుల్లో శాంప్సన్‌తో బాటు వెబ్ పేరు, గుడ్‌మన్ పేరు కూడా ఉన్నాయి. గుడ్‌మన్‌ను దొంగ అనడం న్యాయం కాదు. శాంప్సన్ దగ్గర కొని వాయించాడు. నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ ఒకే వేదిక మీద కూర్చోబెట్టిన ధైర్యం కూడా అతనిదే. కానీ పెద్ద హోటళ్ల తలుపులు, దేశమంతా వినిపించే రేడియో ప్రోగ్రాములు అతనికి తెరుచుకున్నంత తేలిగ్గా వెబ్‌కు తెరుచుకోలేదు. రెండు రికార్డులూ ఒకదాని వెంట ఒకటి వింటే ఇంకో సంగతి తెలుస్తుంది. వెబ్‌ది వేగం. గుడ్‌మన్‌ది నెమ్మది, నునుపు. ఇంట్లో కుర్చీలో కూర్చుని వినేవాళ్లకు గుడ్‌మన్‌ది హాయి. ఆడేవాళ్లకు వెబ్‌ది. నా ఓటు వెబ్‌కే.

ఎల్లా వచ్చింది

1934 నవంబరు 21న హార్లెమ్‌లోని అపోలో థియేటర్లో ఔత్సాహికుల పోటీ జరిగింది. నాట్యం చేద్దామని వచ్చిన 17 ఏళ్ల పిల్ల వేదిక ఎక్కాక భయపడి పాట అందుకుంది, గెలిచింది. ఆ పిల్ల ఎల్లా ఫిట్జెరాల్డ్. తల్లి పోయింది, సంస్కరణ పాఠశాల నుంచి పారిపోయి వచ్చింది, ఒంటి మీద సరైన బట్టల్లేవు. తెలిసినవాళ్లు ఆమెను వెబ్ దగ్గరికి తీసుకొచ్చారు. ఆమె వాలకం చూసి వెబ్ మొదట ఇష్టపడలేదు. బ్యాండులో పాడే అమ్మాయి అందంగా, ఖరీదైన గౌనులో ఉండాలన్నది అప్పటి రివాజు. చివరికి యేల్ విశ్వవిద్యాలయంలో ఒక డ్యాన్సు రాత్రికి తీసుకుపోయి పాడించి చూశాడు. కుర్రాళ్లు ఊగిపోయారు. వెబ్ మరి మాట్లాడలేదు, ఆమెను పెట్టుకున్నాడు. 1935 జూన్‌లో ఆమె మొదటి రికార్డు వచ్చింది.

వెబ్ ఆమెను చట్టప్రకారం దత్తత తీసుకున్నాడని చాలా పుస్తకాల్లో ఉంది. దానికి ఆధారం దొరకలేదు. తీసుకోకపోయినా ఆమెకు తిండి, బట్ట, వేదిక, అన్నిటికన్నా విలువైన రిథమ్ శిక్షణ ఇచ్చింది అతనే. రాత్రి తర్వాత రాత్రి ఆ డ్రమ్ము పక్కన నిలబడి పాడింది కాబట్టే ఎల్లా తర్వాత లయతో అంత ధీమాగా ఆడుకోగలిగింది.

పిల్లల ఆట పాట ఒకదాన్ని తీసుకుని స్వింగ్‌లో పాడదామన్న ఆలోచన 1938లో ఎల్లాకే వచ్చింది. బ్యాండు అప్పుడు బోస్టన్‌లో వాయిస్తోంది. అరేంజరు వాన్ అలెగ్జాండర్ చేత కట్టించింది. ‘ఎ-టిస్కెట్, ఎ-టాస్కెట్’ను మే 2న రికార్డు చేశారు. ఆ ఎండాకాలమంతా అమెరికాలో అదే పాట. అమ్మకాల పట్టికల్లో వారాల తరబడి మొదటి స్థానం వదల్లేదు. అప్పటిదాకా హార్లెమ్ నెత్తిన పెట్టుకున్న బ్యాండు దేశానికి తెలిసింది. పార్క్ సెంట్రల్ హోటల్లోకి, పారామౌంట్ థియేటర్లోకి దారి దొరికింది.

ఎల్లా వచ్చాక బ్యాండు పాడైందని కొందరు జాజ్ విమర్శకులు ఇప్పటికీ వాదిస్తారు. డెకా కంపెనీకి పాటలే కావాల్సి వచ్చి వాయిద్యాల రికార్డులు తగ్గిపోయాయన్నది నిజమే. నాకు మాత్రం ఆ వాదం నచ్చదు. మహామాంద్యం రోజులవి. పన్నెండు, పదమూడు కుటుంబాలకు వారం వారం జీతం పడాలి. ఆ జీతం ఎల్లా గొంతులోంచి వచ్చింది. తప్పు ఎక్కడన్నా ఉంటే పక్క పక్కన రెండూ చేయనివ్వని కంపెనీ లెక్కల్లో ఉంది.

రికార్డులో వెబ్ ఎక్కడున్నాడు?

ఆ రోజుల రికార్డు అంటే పది అంగుళాల పళ్లెం, నిమిషానికి 78 చుట్లు, ఒక వైపు మూడు నిమిషాలు. సవాయ్‌లో ఆడేవాళ్లు వదలకపోతే ఒకే పాట పది నిమిషాలైనా నడిచేది. స్టూడియోలో దాన్ని మూడు నిమిషాలకు కుదించాలి. పైగా పెద్ద డ్రమ్ము మోగితే సూది గాడి దాటి దూకుతుందని ఇంజనీర్లకు భయం. డ్రమ్మర్‌ను మైకుకు దూరంగా కూర్చోబెట్టి చప్పుడు అణిచేసేవాళ్లు. ఇతర వాయిద్యాలకు ఇది చిన్న నష్టం. వెబ్‌కు ప్రాణం మీదికొచ్చే నష్టం. అతని రికార్డులు కొన్నిటిలో డ్రమ్ము ఉందో లేదో తెలియనంత సన్నగా వినిపిస్తుంది.

అయినా వదిలిపెట్టకండి. 1929లో ‘జంగిల్ బ్యాండ్’ పేరుతో వేసిన ‘డాగ్ బాటమ్’తో మొదలుపెట్టవచ్చు. అందులో 1920ల హడావిడి ఇంకా ఉంది. తర్వాత నేరుగా 1934లోని ‘బ్లూ లూ’కి రండి. శాంప్సన్ కట్టిన ఆ వరసలో బ్యాండు ఒకే ఊపిరితో కదులుతుంది. ఇక 1937 నవంబరులో చేసిన ‘హార్లెమ్ కాంగో’. ఈ ఒక్కటి వింటే చాలు, వెబ్ అర్థమవుతాడు. మూడు నిమిషాల పైచిలుకు రికార్డు అది. ఇత్తడి వాయిద్యాలు ఎగిరెగిరి పడుతుంటే చివర్లో అంతా తప్పుకుని వెబ్‌కు దారి ఇస్తారు. దరువుల్లో మాట తెగదు. ఒక్కో ముక్క తర్వాతి ముక్కకు ప్రశ్న వేసినట్టు, ఆ ప్రశ్నకు తనే జవాబు చెప్పుకున్నట్టు సాగుతుంది. ఎంత వేగంగా ఉన్నా ప్రతి దెబ్బా విడివిడిగా వినిపిస్తుంది. ఆ వేగంలో ఆ స్పష్టత ఈ రోజు ఏ డ్రమ్మర్‌కైనా కష్టమే.

‘ఎ-టిస్కెట్’ చేసిన 1938 మేలోనే ‘లైజా’, ‘స్పినిన్ ద వెబ్’ కూడా చేశారు. దేశమంతా పిల్లల పాట పాడుకుంటుంటే ఈ రెండూ డ్రమ్ము తెలిసినవాళ్ల చేతుల్లో అరిగిపోయాయి. ‘లైజా’లో అతని దరువులను బడ్డీ రిచ్ తరం డ్రమ్మర్లు పాఠంలా నేర్చుకున్నారు. 1937లో వెబ్ బ్యాండులోంచి నలుగుర్ని తీసుకుని లిటిల్ చిక్స్ పేరుతో కొన్ని రికార్డులు చేశాడు. ఫ్లూట్, క్లారినెట్, పియానో, బేస్, డ్రమ్ము. జాజ్‌లో ఫ్లూట్ అంటే ఎవరూ పట్టించుకోని కాలంలో వేమన్ కార్వర్ చేత వాయింపజేశాడు. పెద్ద బ్యాండులో ఉరిమే మనిషి ఇక్కడ తీగల కుంచెలతో గుసగుసలాడినట్టు వాయిస్తాడు. అతని చేతి మెత్తదనం తెలియాలంటే ఇవే వినాలి.

చివరి ఏడాది

పేరొచ్చింది, డబ్బొచ్చింది, ఒళ్లు సహకరించలేదు. 1938 చివరికొచ్చేసరికి వెబ్ బాగా నీరసించాడు. వాయించడం అయిపోయాక పక్కనే స్పృహ తప్పి పడిపోయిన రాత్రులున్నాయి. విశ్రాంతి తీసుకోమంటే వినలేదు. తను ఆగితే బ్యాండుకు పని ఆగుతుంది. పేపర్లు అమ్మి డ్రమ్ములు కొన్న మనిషికి పని ఆగడమంటే ఏమిటో తెలుసు. 1939 జూన్‌లో వాషింగ్టన్ దగ్గర పడవ మీద ఒక కార్యక్రమం తర్వాత పరిస్థితి విషమించింది. పుట్టిన ఊరు బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రికి తీసుకుపోయి ఆపరేషన్ చేశారు. లాభం లేకపోయింది. జూన్ 16న పోయాడు.

అంత్యక్రియలకు బాల్టిమోర్ వీధులు పట్టనంత జనం వచ్చారు. చర్చిలో ఎల్లా ‘మై బడ్డీ’ పాడింది. బ్యాండును విడగొట్టకుండా ఆమె పేరు మీదే నడిపారు. 22 ఏళ్ల అమ్మాయి బ్యాండు నాయకురాలు కావడం ఆ రోజుల్లో అరుదు. 1942 దాకా ఆ బ్యాండు నిలిచింది. అతని డాక్టరు రాల్ఫ్ యంగ్ పూనుకుని 1940 ఫిబ్రవరిలో నిధుల కోసం పెద్ద కార్యక్రమం జరిపించాడు. వెబ్ పెరిగిన తూర్పు బాల్టిమోర్‌లో నల్లజాతి పిల్లలకు ఆటల కేంద్రం 1947లో తెరుచుకుంది. ఇప్పటికీ అది అతని పేరుతోనే ఉంది. సవాయ్‌కి ఆ అదృష్టం దక్కలేదు. 1958లో మూసేశారు, ఇళ్ల సముదాయం కోసం కూల్చేశారు. 2002లో ఆ చోట ఒక ఫలకం పెట్టారు. ఆవిష్కరించినవాళ్లలో ఫ్రాంకీ మానింగ్ ఉన్నాడు.

సవాయ్ రాత్రుల్లో వెబ్ ఎలా వాయించాడో తెలుసుకోవడానికి స్టూడియో రికార్డుల కన్నా దగ్గరి దారి ఒకటి ఉంది. 1939 మే 4న బోస్టన్‌లోని సౌత్‌ల్యాండ్ కెఫేలో బ్యాండు వాయిస్తుంటే రేడియోలో ప్రసారం చేశారు, ఆ ప్రసారం నిలిచింది. వెబ్ చనిపోవడానికి సుమారు ఆరు వారాల ముందు. స్టూడియో ఇంజనీరు లేడు, డ్రమ్మును అణిచేవాళ్లు లేరు. బ్యాండు ఎదురుగా జనం ఉన్నారు. రికార్డుల్లో వెనక్కి నెట్టిన ఆ పెద్ద డ్రమ్ము ఇక్కడ ముందుకొచ్చి నాలుగు దెబ్బలూ సమంగా వేస్తూ పోతుంది. వెన్ను నొప్పితో నిలబడలేని మనిషి వాయిస్తున్నాడని ఎవరూ చెప్పకపోతే మనకు తెలియదు. వేగం ఎక్కడా సడలదు, ట్రంపెట్లను తోసే దరువు ఎక్కడా ఆలస్యం కాదు. ‘హార్లెమ్ కాంగో’ విని, ఆ వెంటనే ఇది వినండి. అప్పటి పత్రికలవాళ్లు, ఓడిన క్రూపా, ఆడిన మానింగ్ చెప్పినదాంట్లో అతిశయోక్తి ఎంతో, నిజం ఎంతో మీ చెవులే తేలుస్తాయి.